గెలిచినా బూలే: ఆర్చ్ మ్యానింగ్ మీద టెక్సస్ అభిమానుల తగువు

2025 సెప్టెంబర్ 13, శనివారం. ఆస్టిన్‌లో లక్ష మంది పట్టే డారెల్ కె. రాయల్ స్టేడియంలో టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, ఎల్ పాసో నుంచి వచ్చిన యూటెప్‌తో ఆడుతోంది. యూటెప్ కూడా టెక్సస్ యూనివర్సిటీ వ్యవస్థలోదే, బడ్జెట్లో గానీ బలంలో గానీ పోలికే లేని చిన్న తోబుట్టువు. టెక్సస్ గెలుస్తుందా అన్న అనుమానం ఎవరికీ లేదు. అయినా సొంత జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ పాస్‌లు ఒకదాని వెనక ఒకటి గురి తప్పుతుంటే స్టాండ్స్‌లోంచి 'బూ' అని కేకలు లేచాయి. వరసగా పది పాస్‌లు అలాగే పోయాయి మరి. చివరికి టెక్సస్ 27-10తో గెలిచింది. మ్యానింగ్ 25 పాస్‌లు విసిరితే చేరినవి 11. మొత్తం 114 గజాలు, ఒక టచ్‌డౌన్ పాస్ (బంతిని అవతలి గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్), ఒక ఇంటర్‌సెప్షన్ (పాస్‌ను అవతలివాళ్లు పట్టేసుకోవడం). ఇవి కాక తానే బంతి పట్టుకుని పరిగెత్తి మరో రెండు టచ్‌డౌన్లు చేశాడు.

ఆ రాత్రి మొదలైన తగువు సీజన్ అయిపోయేదాకా ఆగలేదు. ఒక వర్గానిది ఒకటే మాట: గెలిచాం కదా, పదిహేడు పాయింట్ల తేడాతో గెలిచి ఏడుపేమిటి? ఇంకో వర్గం: యూటెప్ మీదే ఇలా విసిరితే జార్జియా లాంటి గట్టి జట్టు మీద ఏం చేస్తాడు? మూడో వర్గం కుర్రాడి వైపు నిలబడింది. అతనికి ఇరవై ఒక్కేళ్లు, రెగ్యులర్ స్టార్టర్‌గా ఇది మూడో మ్యాచ్, కాస్త టైమివ్వండి అని. బయటి నుంచి చూస్తే ముగ్గురూ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నట్టుంటుంది. నాకు మాత్రం వాళ్లు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారనిపిస్తుంది. మొదటివాడు జట్టు గెలిచిందా అన్నదానికి, రెండోవాడు వచ్చే నెలల్లో ఈ అబ్బాయి గట్టెక్కిస్తాడా అన్నదానికి, మూడోవాడు రెండేళ్ల తర్వాత ఏమవుతాడన్నదానికి. ఎవరి ప్రశ్నకు వాళ్ల జవాబు చాలావరకు సరైనదే. అందుకే ఈ తగువు తెగదు.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. ప్రతి అవకాశం క్వార్టర్‌బ్యాక్ చేతిలో మొదలవుతుంది. బంతి అందుకోగానే దాన్ని పక్కవాడికిచ్చి పరిగెత్తించాలా, తానే పరిగెత్తాలా, దూరంగా ఉరుకుతున్న రిసీవర్‌కి విసరాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. అతని ముందు ఐదుగురు భారీ కాయులు గోడలా నిలబడి ఆ రెండు మూడు సెకన్లు సంపాదించి పెట్టాలి. వాళ్లు ఓడిపోతే అవతలివాళ్లు వచ్చి అతన్ని కింద పడేస్తారు, దాన్ని శాక్ అంటారు. రిసీవర్ తప్పు దారిలో పరిగెత్తితే ఎంత చక్కగా విసిరినా బంతి ఖాళీ గడ్డి మీద పడుతుంది. స్టేడియంలో కూర్చున్న లక్షమందికీ కనిపించేది మాత్రం విసిరిన చెయ్యే.

అంత చిన్న మ్యాచ్‌లో అంత పెద్ద కోపం ఎందుకొచ్చిందంటే ముందు ఇంటిపేరు గురించి చెప్పాలి. ఆర్చ్ తాత ఆర్చీ మ్యానింగ్ మిసిసిపీ యూనివర్సిటీలో హీరో, ఆ తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో న్యూ ఓర్లియన్స్ సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్. బాబాయిలు పేటన్, ఈలై ఇద్దరూ ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను చెరో రెండుసార్లు గెలిచారు. నాన్న కూపర్ ఒక్కడే వెన్నెముక సమస్యతో కాలేజీ రోజుల్లోనే ఆట మానేయాల్సి వచ్చింది. మనకిది తెలియని కథేం కాదు. పెద్ద హీరో మనవడు తొలి సినిమాతో వస్తుంటే ఓపెనింగ్ కలెక్షన్లు ముందే ఖాయమైపోతాయి, రెండో వారం నుంచి కత్తులు నూరడం కూడా ముందే ఖాయమైపోతుంది. 2022 జూన్‌లో ఆర్చ్ టెక్సస్‌లో చేరతానని మాటిచ్చిన రోజు నుంచే ఆస్టిన్‌లో ఎదురుచూపులు మొదలయ్యాయి. 2023, 2024 సీజన్లలో అప్పటి మొదటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ వెనక కూర్చున్నాడు. 2024లో యూవర్స్‌కు దెబ్బ తగిలినప్పుడు వచ్చి శాన్ ఆంటోనియో జట్టు యూటీఎస్ఏ మీద 67 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసిన ఆ ఒక్క దృశ్యాన్ని జనం ఏడాదంతా తిప్పి తిప్పి చూశారు.

ఆ సీజన్ మొత్తంలో అతను విసిరిన పాస్‌లు 90. అందులో ఎక్కువ భాగం బలహీనమైన జట్ల మీదే. ఆ తొంభై పాస్‌లను చూసుకుని 2025 సీజన్ మొదలవ్వకముందే ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీకి పందేల మార్కెట్ అతన్నే ఫేవరెట్‌గా నిలబెట్టింది. టెక్సస్ చరిత్రలోనే తొలిసారి, విలేకరుల ఓట్లతో అసోసియేటెడ్ ప్రెస్ వేసే ప్రీసీజన్ ర్యాంకింగ్‌లో నంబర్ వన్ అయింది. ఇంతలో యూవర్స్‌తో పాటు ఎడమ వైపు కాపు కాసే కెల్విన్ బ్యాంక్స్, వేగంగా ఉరికే రిసీవర్ మాథ్యూ గోల్డెన్, అటు కాపు కాస్తూ ఇటు పాస్‌లూ అందుకునే టైట్ ఎండ్ గన్నర్ హెల్మ్ అందరూ ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లిపోయారు. ర్యాంకు వేసినవాళ్లు కొత్తగా వచ్చే పేరును చూశారు, వెళ్లిపోయినవాళ్లను అంతగా లెక్కపెట్టలేదు. నన్నడిగితే సెప్టెంబర్లో వినిపించిన బూలలో సగం ఆగస్టులో పెంచుకున్న ఆశలకే చెందుతాయి.

ఇక అంకెల సంగతి. వాదన ముదిరితే ఎవరో ఒకరు ఫోన్ తీసి పాసర్ రేటింగ్ చూపిస్తారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో దాని లెక్క చేత్తో వేసుకునేంత తేలిక. పాస్‌ల మీద వచ్చిన గజాలను 8.4తో, టచ్‌డౌన్ పాస్‌లను 330తో, చేరిన పాస్‌లను 100తో గుణించి కలపాలి. ఇంటర్‌సెప్షన్లను 200తో గుణించి తీసెయ్యాలి. మిగిలినదాన్ని మొత్తం విసిరిన పాస్‌లతో భాగించాలి. యూటెప్ మ్యాచ్‌కి వేసి చూద్దాం: 957.6, 330, 1100 కలిపి అందులోంచి 200 తీస్తే 2187.6. దాన్ని 25తో భాగిస్తే 87.5. అంతకు ముందు వారం శాన్ హోసే స్టేట్ మీద 38-7తో గెలిచినప్పుడు అదే లెక్కలో 183 వచ్చింది. తర్వాతి వారం శామ్ హ్యూస్టన్ మీద 55-0తో గెలిచినప్పుడు 21కి 18 చేర్చి 309 గజాలు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, రేటింగ్ 256 దాటింది. మూడు వారాల్లో ఒకే కుర్రాడు మూడు వేర్వేరు ఆటగాళ్లలా కనిపించాడన్నమాట.

ఈ లెక్కలో ఏం లేవో కూడా చూడాలి. యూటెప్ మీద అతను పరిగెత్తి చేసిన రెండు టచ్‌డౌన్లకు ఇందులో ఒక్క పాయింటూ రాదు. అవే రెండూ గోల్ గీత దగ్గర చిన్న పాస్‌లుగా వేసి ఉంటే రేటింగ్ 113 దాటేది. స్కోరుబోర్డు మీద మాత్రం అదే 27. రిసీవర్ చేతిలో పడి జారిపోయిన బంతికీ, రిసీవర్ తల మీదుగా పదడుగులు ఎగిరిపోయిన బంతికీ ఈ లెక్కలో తేడా లేదు. శాక్ తప్పించుకోవడానికి కావాలని గీత బయటికి విసిరేసినా తప్పిన పాస్ కిందే రాస్తారు. ఇంకో విచిత్రం, కాలేజీ ఆటలో శాక్‌లో పోయిన గజాలను పరుగుల ఖాతాలోంచి కోస్తారు, పాస్‌ల ఖాతా జోలికి రారు. ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు. అందుకే ముందు వరుస చేతులెత్తేసిన రోజున కూడా కాలేజీ క్వార్టర్‌బ్యాక్ పాసింగ్ అంకెలు మరీ పాడవ్వవు, పరుగుల అంకెలు మాత్రం బిత్తరపోయేలా ఉంటాయి. రేటింగ్ పనికిరానిదని అనను. వంద రేటింగ్ దగ్గర పడిన ఆటకూ, నూట ఎనభై ఆటకూ తేడా అది చెబుతుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం దాని దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతకడానికి టీవీ కూడా సాయపడదు. ప్రసారంలో కెమెరా బంతి వెంట పోతుంది. దూరంగా రిసీవర్లు ఏ దారిన పరిగెత్తారో, ఎవరు ఖాళీగా ఉన్నారో ఆ ఫ్రేములో ఉండదు. మైదానంలోని 22 మందినీ ఒకేసారి చూపించే కెమెరా దృశ్యాలను ఆల్-22 అంటారు. కోచ్‌లు ఆదివారం పొద్దున్నే కూర్చుని చూసేది దాన్నే. అది చూస్తే తప్ప అతను చూడాల్సినవాణ్ణి చూడలేదా, చూసి సరిగ్గా విసరలేకపోయాడా, అసలు ఎవరూ ఖాళీగా లేరా అన్నది తేలదు. ఈ మూడింటికీ మందులు వేరు. మొదటిది అనుభవంతో పోతుంది. రెండోది ప్రాక్టీసులో సరిదిద్దుతారు. మూడోది కోచ్ వేసిన ప్లాన్ తప్పు.

టీవీలో సైతం కనిపించేది ఒకటుంది, పాదాలు. విసిరే ముందు వెనక కాలు నేలలో నాటుకుని, నడుము తిరిగి, ఆ తర్వాత చెయ్యి రావాలి. ముందు వరుస కూలిపోతుందేమోనన్న భయం ఒకసారి పట్టుకుంటే కుర్రాళ్లు కాలు ఆనకుండానే చేత్తో తోసేస్తారు. బంతి ఎత్తుగా పోతుంది, లేదా రిసీవర్ వెనక పడుతుంది. ఆ సెప్టెంబర్లో మ్యానింగ్ మీద వచ్చిన విమర్శల్లో నాకు బలంగా తోచింది ఇదే. పక్క నుంచి, నడుం ఎత్తులో చెయ్యి తిప్పి విసరడం గురించీ చాలా మాట్లాడారు. అంతటితో ఆగారా అంటే లేదు. విసిరేటప్పుడు అతని మొహం నొప్పితో ముడుచుకుంటున్నట్టుందని శాన్ హోసే స్టేట్ మ్యాచ్ క్లిప్పులు తీసి, భుజానికి దెబ్బ తగిలిందని దాస్తున్నారని పుకారు లేపారు. తనకేం లేదని కుర్రాడన్నాడు. విలేకరులు అడిగితే కోచ్ స్టీవ్ సార్కీసియన్, మీరు బాత్రూమ్‌లో ఉన్నప్పుడు మొహాలెలా పెడతారో నేనెప్పుడూ వీడియో తియ్యలేదు అన్న ధోరణిలో జోకేసి కొట్టిపారేశాడు. మొహం కవళికల మీద మెడికల్ రిపోర్టులు రాసే స్థాయికి అభిమానం వెళ్లిందంటే ఇక అక్కడ ఆట గురించి మాట్లాడుకోవడం కష్టమే.

ప్రత్యర్థి ఎవరన్నది కూడా లెక్కలోకి రావాలి. పెద్ద యూనివర్సిటీలు సీజన్ మొదట్లో చిన్న జట్లకు డబ్బిచ్చి మరీ తమ ఊరికి పిలిపించుకుని ఆడతాయి. చిన్నవాళ్లకు ఖజానా నిండుతుంది, పెద్దవాళ్లకు గెలుపు దొరుకుతుంది. ఇలాంటి మ్యాచ్‌లో బాగా ఆడితే మనకు తెలిసేది చాలా తక్కువ, ఎందుకంటే అంత తేడా ఉన్నప్పుడు ఎవరైనా బాగానే ఆడతారు. బాగా ఆడకపోతే మాత్రం తెలిసేది ఎక్కువ. అభిమానులు స్పందించిన తీరు దీనికి సరిగ్గా తిరగేసి. యూటెప్ మ్యాచ్ తర్వాత ఆందోళన పడ్డవాళ్లలో చాలామంది, శామ్ హ్యూస్టన్ మీద 55-0 చూడగానే అమ్మయ్య, కుదురుకున్నాడు అని ఊపిరి పీల్చుకున్నారు. రెండు వారాలు తిరిగేసరికి అక్టోబర్ 4న, అప్పటికి నాలుగు మ్యాచ్‌ల్లో మూడు ఓడిన ఫ్లోరిడా చేతిలో టెక్సస్ 29-21తో ఓడింది. మ్యానింగ్‌ను ఆరుసార్లు శాక్ చేశారు, రెండు ఇంటర్‌సెప్షన్లు వేశాడు. ఆగస్టులో నంబర్ వన్‌గా ఉన్న జట్టు ర్యాంకింగ్ పట్టికలోంచే మాయమైంది. బూలు కొట్టినవాళ్ల మర్యాద గురించి ఎవరేమన్నా, వాళ్ల కళ్లు మాత్రం మోసపోలేదు.

ఈ కోపంలో డబ్బు వాటా కూడా ఉంది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు, తొలి ఏడాది పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. ఆర్చ్ సీజన్ మొదలవ్వకముందే టీవీ ప్రకటనల్లో కనిపించాడు. 'పాపం స్టూడెంట్ కుర్రాడు' అన్న పాత మొహమాటం దాంతో తగ్గింది. మరోవైపు ఓపిక లేకపోతే ఏమవుతుందో కూడా అందరికీ కళ్లముందే ఉంది. 2023 బ్యాచ్‌లో ఆర్చ్‌తో పాటు హైస్కూల్ నుంచి అయిదు నక్షత్రాల టాప్ రేటింగ్‌తో వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లను చూడండి. నికో ఇయమలియావా టెనెసీ వదిలి యూసీఎల్ఏకు, డాంటే మూర్ యూసీఎల్ఏ వదిలి ఆరెగాన్‌కు, జాక్సన్ ఆర్నల్డ్ ఓక్లహామా వదిలి ఆబర్న్‌కు. మలాకై నెల్సన్ అయితే యూఎస్‌సీ నుంచి బోయిసీ స్టేట్, అక్కణ్ణుంచి యూటెప్. అవును, అదే యూటెప్. ఒకప్పుడు ఆర్చ్ పక్కనే పేరు పెట్టి చెప్పుకున్న కుర్రాడు ఆ సీజన్‌కి అవతలి జట్టుకు చేరాడు. మొదట చేరిన చోటే మూడో ఏడు ఉన్నది ఆర్చ్ ఒక్కడే.

'టైమివ్వండి' అన్నవాళ్లు ఎక్కువగా వాడుకునే పేరు జో బరో. 2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ)లో అతని పాస్‌ల శాతం 57.8, టచ్‌డౌన్ పాస్‌లు 16. మరుసటి ఏడాది 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు, హైస్‌మన్, జాతీయ టైటిల్. పేటన్ బాబాయి కూడా 1998లో ఎన్ఎఫ్ఎల్ మొదటి సీజన్లో 28 ఇంటర్‌సెప్షన్లు వేసినవాడే. ఇవి నిజాలే కానీ, వీటిని ఎవరికైనా అతికించొచ్చు. మొదటి ఏడు తడబడి రెండో ఏడు కనిపించకుండా పోయినవాళ్ల జాబితా ఇంకా పెద్దది, కాకపోతే వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. అందుకే ఈ వాదన ఊరటగా పనికొస్తుంది గానీ రుజువుగా పనికిరాదు.

ఫ్లోరిడా దెబ్బ తిన్న వారానికే డాలస్‌లో ఓక్లహామా మ్యాచ్. స్టేట్ ఫెయిర్ జరిగే ఫెయిర్ పార్కులో, పాత కాటన్ బౌల్ స్టేడియంలో, స్టాండ్స్‌లో సగం టెక్సస్ ముదురు నారింజ రంగు, సగం ఓక్లహామా ఎరుపు. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో ఉన్న మన తెలుగు ఇళ్లలో పిల్లలు ఆస్టిన్‌లో చదువుతుంటే ఈ శనివారం తప్పించుకోవడం కష్టం. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని అమ్మానాన్నలు కూడా నారింజ రంగు టీషర్టు వేసుకుని ఫొటో దిగాల్సిందే. ఆ రోజు టెక్సస్ 23-6తో గెలిచింది. మ్యానింగ్ 27కి 21 చేర్చాడు, గజాలు మాత్రం 166. అన్నీ చిన్న, వేగంగా వదిలేసే పాస్‌లు. అక్కడ కూడా మళ్లీ తగువే. కుదురుకున్నాడని ఒకరు, కోచ్ అతని చేతులు కట్టేసి దాచిపెట్టాడని ఇంకొకరు. ఈసారి రెండో మాటలోనూ నిజముంది. అవతలి క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ చేతి సర్జరీ నుంచి అప్పుడే తిరిగొచ్చి మూడు ఇంటర్‌సెప్షన్లు వేశాడు. టెక్సస్ ఆటగాడు ర్యాన్ నిబ్లెట్, ఓక్లహామా కాలితో దూరంగా తన్నిన బంతిని (పంట్) పట్టుకుని 75 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. డిఫెన్స్ ఒక్క టచ్‌డౌనూ ఇవ్వలేదు. ఆ గెలుపులో క్వార్టర్‌బ్యాక్ చేసిన గొప్ప పని, ఏదీ పాడు చెయ్యకపోవడం. ముందు వరుస అంత బలహీనంగా ఉన్నప్పుడు అది చిన్న పనేం కాదు.

గెలుపును క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో రాయడం ఎంత అర్థం లేనిదో తెలియాలంటే ఆ తర్వాతి రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి. కెంటకీ మీద టెక్సస్ మొత్తం దాడి 179 గజాలు. కెంటకీది దానికి రెట్టింపు పైనే. మ్యానింగ్ 27కి 12, 132 గజాలు. ఓవర్‌టైమ్‌లో కెంటకీని గోల్ గీత ముందు డిఫెన్స్ ఆపేస్తే, బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని (ఫీల్డ్ గోల్) 16-13తో బయటపడ్డారు. మరుసటి వారం మిసిసిపీ స్టేట్ దగ్గర, నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడిన జట్టును మ్యానింగే లాక్కొచ్చాడు. 346 గజాలు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు. ఓవర్‌టైమ్‌లో తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లిపోతే, లోపలికొచ్చిన మాథ్యూ కాల్డ్‌వెల్ విసిరిన టచ్‌డౌన్ పాస్‌తో 45-38. రికార్డు పుస్తకంలో రెండూ ఓవర్‌టైమ్ గెలుపులే. మొదటిది అతను ఉన్నా గెలిచారు, రెండోది అతను ఉండబట్టి గెలిచారు.

నవంబర్‌కి అంకెలు మారాయి. జార్జియా మీద 35-10తో చిత్తయినా, ఆర్కన్సా మీద 389 గజాలు విసిరి, ఒకే మ్యాచ్‌లో పాస్ వేసి, పరిగెత్తి, తానే పాస్ అందుకుని మూడు రకాల టచ్‌డౌన్లూ చేశాడు. అప్పటిదాకా ఓటమి ఎరగని టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ను 27-17తో ఓడించిన రోజున 29కి 14 పాస్‌లే చేరాయి, అంటే సగం కూడా కాదు. నాలుగో క్వార్టర్‌లో తానే 35 గజాలు పరిగెత్తి తలుపు మూసేశాడు. ఆ రాత్రి స్టేడియంలో బూలు లేవు. సెప్టెంబర్లో పాస్‌ల శాతం మీద పడ్డవాళ్లు నవంబర్లో ఆ ఊసే ఎత్తలేదు.

రెగ్యులర్ సీజన్ తొమ్మిది గెలుపులు, మూడు ఓటములతో (9-3) ముగిసింది, జాతీయ టైటిల్ తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో టెక్సస్‌కు చోటు దక్కలేదు. ఆగస్టులోనే ఒహాయో స్టేట్ ఊరికి వెళ్లి 14-7తో ఓడిన మ్యాచ్ పెట్టుకోకుండా ఉంటే 10-2తో ఉండేవాళ్లమని సార్కీసియన్ వాదించాడు. అదీ నిజమే. కానీ ఒహాయో స్టేట్ మీద ఓటమి ఎవరికీ సిగ్గుచేటు కాదు. ఫ్లోరిడా మాత్రం ఆ ఏడాది 4-8తో ముగించింది. గెలిచిన తొమ్మిదింటి మీద నెలల తరబడి జరిగిన తగువులో ఎవరేం తేల్చుకున్నా, ప్లేఆఫ్ జట్లను ఎంచే సెలక్షన్ కమిటీ బల్ల మీద ఆ మూడు ఓటములు అలాగే ఉన్నాయి.